వరి చేను నుంచి కంచం దాకా: జింకు లెక్కలు

నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో వరి ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు పడతాయి. ఆకు పెళుసెక్కుతుంది. విరిస్తే చప్పుడవుతుంది. దుబ్బు గిడసబారి పిలకలు వేయదు. ఉత్తరాదిన ఖైరా అని పిలిచే ఈ జబ్బుకు మూలం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనె తేల్చారు. అదే లోపం మన ఒంటికీ ఉంది.

0.6 పీపీఎం

భూసార పరీక్షలో మొక్కకు అందే జింకు కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాముల (పీపీఎం) కంటే తగ్గితే లోపమే. ఎప్పుడూ నీరు నిలిచే మాగాణి, సున్నం ఎక్కువున్న నేల, మోతాదు మించిన భాస్వరం వల్ల మట్టిలో ఉన్న జింకు కూడా వేరుకు అందదు.

20 కిలోలు

రెండు మూడు పంటలకోసారి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటును ఆఖరి దమ్ములో వేయాలి. అందులో 21 శాతం, అంటే 4.2 కిలోలు, అసలు జింకు. డీఏపీతో కలపకూడదు, కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి. నిలబడ్డ పైరులో లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజులకోసారి రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి.

17 మిల్లీగ్రాములు

ఒంట్లో ఉండే జింకు మొత్తం 2–3 గ్రాములే. 300కు పైగా ఎంజైములకు అదే ఆధారం. పిల్లల్లో తగ్గితే ఎదుగుదల కుంటుపడుతుంది, జబ్బులను తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు ప్రకారం రోజుకు మగవారికి 17, ఆడవారికి 13.2 మిల్లీగ్రాములు కావాలి. పాలిష్ బియ్యం కిలోలో సుమారు 15 ఉంటుంది. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా వచ్చేది 6. గింజల్లోని ఫైటేటు జింకును పట్టి ఉంచుతుంది. నానబెట్టినా, మొలకెత్తించినా, ఇడ్లీ పిండిలా పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. మాంసంలోని జింకు ఒంటికి తేలిగ్గా పడుతుంది.

22.6 పీపీఎం

నేలలో వేసిన జింకు దిగుబడిని కాపాడుతుంది గానీ వరి గింజలోకి అంతగా చేరదు. గింజలోనే జింకు నింపుకునే వంగడం కావాలి. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ 2016లో విడుదలైన డీఆర్‌ఆర్ ధాన్ 45తో ఆ దారి వేసింది. దాని బియ్యం కిలోలో 22.6 మిల్లీగ్రాముల జింకు ఉంటుంది. అదే 400 గ్రాములకు 9 వస్తుంది.

14 రోజులు

కంచంలోనే కాదు, మందుగానూ జింకు అవసరమే. పిల్లలకు విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌తో పాటు వైద్యుల సలహాతో జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వారికి 10. మూడో రోజుకే విరేచనాలు కట్టినా మాత్ర మానేయకండి. మళ్లీ జబ్బు పడకుండా ఆ పసి ఒంటికి బలమిచ్చేవి మిగిలిన 11 రోజులే.