మట్టి పేర్లు, మట్టి పొరలు

భారతీయ భాషలలో మట్టిని తెలిపే మాటలు ప్రధానంగా రెండు మూలాల నుండి వచ్చాయి. సంస్కృతంలోని ‘మృత్తిక’ ప్రాకృతంలో ‘మట్టిఆ’గా మారగా, దాని నుండి హిందీ, పంజాబీల ‘మిట్టీ’, బెంగాలీ ‘మాటి’, మరాఠీ ‘మాతీ’ ఏర్పడ్డాయి. తెలుగువారి ‘మట్టి’ కూడా ఈ వరుసలోనిదే. ‘మన్ను’ మాత్రం ద్రావిడ పదం. తమిళంలో ‘మణ్’, కన్నడంలో ‘మణ్ణు’ దాని తోబుట్టువులు. ఈ రెండు మూలాల మాటలూ తెలుగు నాలుకపై కలిసి నిలవడం గమనార్హం.

నేల గుణాన్ని చెప్పే మాటలు మరింత ఆసక్తికరమైనవి. సంస్కృతంలో ‘ఊష’ అంటే ఉప్పుమన్ను. దానికి ‘ర’ ప్రత్యయం చేరి ‘ఊషర’ అయ్యే విధానాన్ని పాణిని సూత్రంలో చెప్పాడు. ఉత్తరప్రదేశ్ రైతు నేటికీ ఉప్పు తేలిన పొలాన్ని ‘ఊసర్’ అంటాడు. అటువంటి నేల తెలుగునాట ‘చౌడు’, కన్నడ నాట ‘చౌళు’.

నేలను నిలువుగా తవ్వితే పొరలు కనిపిస్తాయి. పైన జీవాంశం కలిసిన నల్లని పైమట్టి, దాని కింద బంకమన్ను, సున్నం చేరిన అడుగుమట్టి, ఆపై శిథిలమవుతున్న రాయి, చివరకు మాతృశిల. ఈ పొరలను ఎ, బి, సి అక్షరాలతో గుర్తించే పద్ధతి 19వ శతాబ్దం చివర రష్యా శాస్త్రవేత్త దొకుచాయెవ్ పరిశోధనలతో ఆరంభమైంది. గంగా మైదానపు రైతులు తమ నేలను వేరొక విధంగా విభజించారు. వరదలు కొత్తగా ఒండ్రు పరచే పల్లపు నేల ‘ఖాదర్’. వరద అందని మెరకలోని పాత ఒండ్రు ‘బాంగర్’. బాంగర్ అడుగున దొరికే సున్నపు గులకలను ‘కంకర్’ అంటారు. తెలుగువారి ‘కంకర’ ఈ మాటకు సోదరమే.

పొరలు స్పష్టంగా ఏర్పడని నేల కూడా ఉంది. అది నల్లరేగడి. ఎండకు అది లోతుగా బీటలు వారుతుంది. పైమట్టి ఆ నెర్రెలలోకి జారుతుంది. వానకు ఉబ్బి నేల తిరగబడుతుంది. ఈ నేలల శాస్త్రీయ నామం ‘వర్టిసాల్’కు మూలం ‘తిరుగు’ అనే అర్థం గల లాటిన్ ధాతువే. బుందేల్‌ఖండ్‌లో దీనిని ‘మార్’ అని, తమిళనాట ‘కరిసల్’ అని, కన్నడంలో ‘ఎరె’ అని పిలుస్తారు. అయితే భూగోళ గ్రంథాలలో ‘రేగర్’ పేరుతో స్థిరపడినది తెలుగు మాటే.

కేరళలోని అంగాడిపురం ప్రాంతంలో తవ్వినపుడు మెత్తగా ఉండి, గాలి తగిలితే గట్టిపడే మట్టిరాతిని ఇళ్లకు వాడుతుండగా ఫ్రాన్సిస్ బుకానన్ చూశాడు. స్థానికులు దానిని ‘ఇటుకరాయి’ అనే అర్థం గల పేరుతో పిలిచేవారు. ఆయన లాటిన్‌లో ఇటుకకు గల మాటను తీసుకొని 1807లో ‘లాటరైట్’ అన్నాడు. ప్రపంచమంతటా వాడే ఈ శాస్త్రనామం ఒక విధంగా అనువాదమే.

ఈ విషయం పదాల ముచ్చటతో ముగియదు. ఇసుక, బంక తగుపాళ్లలో కలిసిన నేల హిందీలో ‘దోమట్’, బెంగాలీలో ‘దోఆఁశ్’. రెండింటిలోనూ ‘రెండు’ అనే భావం ఉంది. దానిని తెలుగులో ‘రెండు మట్టుల నేల’ అని రాస్తే రైతుకు ఏమీ బోధపడదు. ‘గరప నేల’ అంటే ఏ పంట వేయాలో, ఎన్ని తడులు పెట్టాలో వెంటనే స్ఫురిస్తుంది. 2015లో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన భూసార పత్రాల పథకం పరీక్షాఫలితాలను రైతుల చేతికి అందించింది. కానీ పత్రంలోని మాట పొలంలోని మాటతో కలవనినాడు ఆ ఫలితం కాగితానికే పరిమితమవుతుంది.

పైమట్టి జానెడు లోతు ఏర్పడటానికి శతాబ్దాలు పడుతుంది. కొన్ని వానాకాలాలలోనే అది కొట్టుకుపోగలదు. పొలం విడిచిన కుటుంబాలలో మట్టి పేర్లు కూడా ఒకటి రెండు తరాలలోనే మరుగున పడుతున్నాయి. ప్రతి పాఠశాల తన ఊరి నేలల పేర్లను పెద్దల నుండి సేకరించి, ఏ పేరు ఏ లోతు మట్టిదో నమోదు చేసినట్లయితే, అది విద్యార్థులకు విజ్ఞానపాఠం, వ్యవసాయాధికారులకు ఉపయుక్తమైన ఆధారం కాగలదు.