మన అడవులలోని యుద్ధ బాధితులు

యుద్ధమనగానే మన దృష్టి దూరదేశాలకు మళ్ళుతుంది. గాజా పసివారి కోసం దుఆ చేస్తాము, చేయవలసిందే. అయితే పోరు మంటల నుండి తప్పించుకొని వచ్చిన కుటుంబాల బిడ్డలు మన మహబూబాబాద్, భూపాలపల్లి అడవులలోనూ ఉన్నారు.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం ఆరంభమైన తరువాత, దానికీ మావోయిస్టులకూ నడుమ నలిగిన గుత్తికోయలు ఊళ్ళు విడిచి గోదావరి దాటి వచ్చారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. అయినా పలు కుటుంబాలు తిరిగి వెళ్ళలేదు. ఇంట కోయ మాట, బడిలో తెలుగు పాఠం, చేతిలో కాగితాలు లేవు. చదువు అక్కడే ఆగిపోతుంది.

జనగామ ప్రాంతానికి ఈ బాధ కొత్త కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగారు. సాయుధ పోరాటం 1951 వరకు సాగింది. ఇంటిపెద్దను పోగొట్టుకున్న ఇళ్ళను ఈ నేల ఎరుగును.

దైవప్రవక్త (స) అనాథగా పెరిగారు. అనాథల పట్ల కాఠిన్యాన్ని సూరా అద్దుహా వారిస్తుంది. ఐచ్ఛిక సదఖా ముస్లిమేతరులకూ ఇవ్వవచ్చు. ప్రతిఫలంగా వారినుండి ఏమీ ఆశించరాదు.

మరి మనమేమి చేయగలము? వయసు పత్రం లేదని బడిలో ప్రవేశం నిరాకరించరాదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నది. వెనుకబడిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ అంటున్నది. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలిపి, కోయ మాట వచ్చిన యువకుణ్ణి తోడు తీసుకొని, వారితోపాటు ప్రధానోపాధ్యాయుని వద్దకు వెళ్ళాలి. ఒకరోజు దుప్పట్లు పంచి రావడం సులువు. బిడ్డ బడి మానకుండా ఏడాది పొడవునా కనిపెట్టుకొని ఉండడమే కష్టం. ఆ ఓర్పును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.