సజ్జాలో సలాక పైనెందుకు?

హాలియా నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని పోతే కనిపించే నాగార్జునసాగర్ డ్యాం ఒక కాంపోజిటే, అంటే మిశ్రమ పదార్థమే. ఇరుపక్కలా మట్టికట్టలు, నది మధ్యలో 124 మీటర్ల ఎత్తున రాతికట్టడం: రాయి, దాన్ని పట్టి ఉంచే మాలు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

ఇత్తడిలో రాగి, జింకు కరిగి ఒకటైపోతాయి. కాంపోజిట్‌లో అట్లా కాదు. పగిలిన స్లాబు ముక్క చూడండి: కంకర కంకరే, సలాక సలాకే.

కాంక్రీటు ఎంత బరువైనా మోస్తుంది గానీ లాగితే మాత్రం పెళుసు. నొక్కుడును ఓర్చుకునే బలంలో లాగుడుకు ఆగేది సుమారు పదోవంతే. ఆ లోటు తీర్చేది ఇనుప సలాక. రెండు గోడల మీద ఆనిన స్లాబుకు సాగేది అడుగువైపు, కాబట్టి సలాక కింద పడాలి. గోడలోంచి బయటికి వచ్చిన సజ్జాకు సాగేది పైవైపు, కాబట్టి పైన పడాలి. సెంట్రింగ్ తీయగానే సజ్జా కూలితే సిమెంటు తక్కువేశాడని మేస్త్రీని తిడతాం. మాలు పోసేటప్పుడు కాళ్ల కింద పడి సలాక దిగిపోయిందేమో ఎవరూ చూడరు! మన అదృష్టం, వేడికి ఇనుమూ కాంక్రీటూ ఇంచుమించు ఒకే లెక్కన వ్యాకోచిస్తాయి. లేకపోతే మన నల్లగొండ ఎండలకు ఎన్ని స్లాబులు మిగిలేవో.

కాంక్రీటు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: మిర్యాలగూడ రైసుమిల్లుల ఊకను తగిన వేడిలో కాల్చితే వచ్చే బూడిదలో ఎక్కువ భాగం సిలికా. మెత్తగా నూరితే కాంక్రీటులో కొంత సిమెంటుకు బదులుగా అది పనికొస్తుంది.

గోడమట్టిలో గడ్డి వేసి తొక్కేది ఊరికే కాదు. మట్టి ఎండేటప్పుడు బీటలు సాగకుండా పోచలు పట్టి ఉంచుతాయి. ఫైబర్‌గ్లాస్‌లోనూ సూత్రం అదే: గడ్డికి బదులు గాజునార, మట్టికి బదులు రెజిన్. కొండపల్లి బొమ్మ చేతులు అతికే మక్కు కూడా ఈ కోవలోదే. అందులో ఉండేవి చింతగింజల పిండి, రంపపు పొట్టు.

అగ్ని క్షిపణి కోసం హైదరాబాద్‌లో తయారైన తేలికపాటి కాంపోజిట్‌ను నిమ్స్ ఎముకల వైద్యుడొకరు చేత్తో ఎత్తి చూసి, అబ్దుల్ కలాంను తన ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు కాళ్లకు కట్టిన, మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో ఆ కాంపోజిట్‌తో అవి 300 గ్రాములకు దిగాయి. క్షిపణి సంగతి అటుంచితే, నాకు ఈ లెక్కే గొప్పగా తోస్తుంది.

పాత స్లాబును సమ్మెటతో కొట్టి సలాక తీసి పాత ఇనుము కొట్టులో అమ్ముకోవచ్చు. ఫైబర్‌గ్లాస్‌కు ఆ వీలు లేదు, రెజిన్ నుంచి నార విడదీయడం చాలా ఖర్చు. అమెరికాలో పాతబడిన ఫైబర్‌గ్లాస్ గాలిమర రెక్కల్ని కోసి నేలలో పూడ్చింది అందుకే.