పది డాలర్లకు ముందు వరుస: వీధి నుంచి ఫోనులోకి వెళ్లిన బ్రాడ్‌వే లాటరీ

బ్రాడ్‌వే టికెట్ లాటరీ అంటే, ఒక్కో నాటక ప్రదర్శనలో కొన్ని సీట్లు పక్కన పెట్టి, పేరు తగిలినవారికి అసలు ధరలో చిన్న వంతుకే అమ్మడం. న్యూయార్క్ నగరం నడిబొడ్డున, టైమ్స్ స్క్వేర్ చుట్టుపక్కల ఉన్న 41 పెద్ద నాటకశాలలను కలిపి బ్రాడ్‌వే అంటారు. అక్కడ టికెట్ సగటు ధర 100 డాలర్లు దాటి చాలా ఏళ్లయింది. బాగా ఆడుతున్న సంగీత నాటకానికి మంచి సీటు కావాలంటే అంతకు రెండు మూడింతలు పెట్టాలి. లాటరీ తగిలితే అదే నాటకం 10 డాలర్లకో, 40 డాలర్లకో చూడవచ్చు. పేరులో లాటరీ ఉన్నా ఇందులో జూదం లేదు. పేరు ఇచ్చినందుకు ఏమీ కట్టనక్కర్లేదు, తగిలినవారే టికెట్ డబ్బు కడతారు. తిరుమల ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ డిప్‌లో పేరు నమోదు చేసుకున్నవారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

ఈ ఏర్పాటుకు మూలం ‘రెంట్’ అనే సంగీత నాటకం. రాసి, స్వరపరిచినవాడు జొనాథన్ లార్సన్. న్యూయార్క్‌లో ఇంటి అద్దె కట్టలేక సతమతమయ్యే యువ కళాకారుల కథ అది. లార్సన్ కూడా ఏళ్ల తరబడి ఒక చిన్న హోటల్లో సర్వర్‌గా పనిచేస్తూ ఆ నాటకం రాశాడు. 1996 జనవరి 25న, తొలి ప్రదర్శనకు కొద్ది గంటల ముందు, 35 ఏళ్ల వయసులో హఠాత్తుగా కన్నుమూశాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో నాటకం బ్రాడ్‌వేలోని నెడర్‌లాండర్ నాటకశాలకు వచ్చింది, పులిట్జర్ బహుమతీ అందుకుంది. అప్పుడు నిర్మాతలు జెఫ్రీ సెల్లర్, కెవిన్ మెకాలమ్‌లకు ఒక చిక్కు ఎదురైంది. ఏ పేద కుర్రకారు గురించి ఆ నాటకం రాశారో, ఆ కుర్రకారు టికెట్ కొనే పరిస్థితి లేదు. అందుకని మొదటి రెండు వరుసల్లోని 34 సీట్లను 20 డాలర్ల చొప్పున, ఆట మొదలయ్యేందుకు రెండు గంటల ముందు అమ్మాలని నిర్ణయించారు.

తెలుగు సినిమా హాళ్లలో తెరకు దగ్గరగా ఉండేది చవకైన నేల టికెట్. రంగస్థలం లెక్క వేరు. నటుల ముఖంలో చెమట కూడా కనిపించే ముందు వరుసలకు గిరాకీ ఎక్కువ. అలాంటి సీట్లను చవకగా ఇవ్వడం సాహసమే. అయినా దానివల్ల నాటకానికి మేలు కూడా జరిగింది. పాటలు కంఠతా వచ్చిన యువ ప్రేక్షకులు వేదిక ముందే కూర్చుంటే నటులకు ఉత్సాహం వస్తుంది, వెనుక వరుసల్లో పెద్ద ధర పెట్టి కూర్చున్నవారికీ ఆ ఉత్సాహం అందుతుంది.

మొదట్లో ముందు వచ్చినవారికి ముందు అన్నట్టుగా అమ్మారు. దాంతో అభిమానులు రాత్రే వచ్చి 41వ వీధి ఫుట్‌పాత్ మీద దుప్పట్లు పరుచుకుని పడుకోవడం మొదలైంది. చలిలో, అర్ధరాత్రి, ఆ రోజుల్లో అంత భద్రత లేని ఆ ప్రాంతంలో పిల్లలు అలా పడుకోవడం నిర్మాతలను కలవరపెట్టింది. 1997లో క్యూ తీసేసి డ్రా పెట్టారు. తర్వాత వచ్చిన ‘ఎవెన్యూ క్యూ’, ‘వికెడ్’, ‘ద బుక్ ఆఫ్ మార్మన్’ వంటి సంగీత నాటకాలన్నీ ఆ దారినే నడిచాయి.

వీధి లాటరీ నడిచిన తీరు సులువైనది. ఆటకు సుమారు రెండున్నర గంటల ముందు నాటకశాల వాకిట్లో సిబ్బంది చీటీలు ఇచ్చేవారు. పేరు రాసి, ఒక టికెట్ కావాలో రెండు కావాలో వేసి పెట్టెలో పడేయాల్సి ఉండేది. అరగంట తర్వాత పెట్టె తిప్పి ఒక్కో చీటీ తీసి గట్టిగా చదివేవారు. పేరు వినబడ్డవారు అక్కడే ఉండి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాల్సి వచ్చేది. చాలాచోట్ల డబ్బు కూడా నోట్లుగానే కట్టాల్సి వచ్చేది. పేరు రానివారు ఖాళీ చేతులతో పోయేవారు, కానీ పోయే ముందు పక్కనున్నవారితో నాలుగు మాటలు మాట్లాడేవారు, ఏ నాటకంలో ఎవరు బాగా చేస్తున్నారో తెలుసుకునేవారు, తగిలినవారికి చప్పట్లు కొట్టేవారు.

ఆ వాకిలి సందడి పతాకస్థాయికి చేరింది 2015లో, ‘హామిల్టన్’ దగ్గర. లిన్-మాన్యుయెల్ మిరాండా రాసి, తానే నటించిన ఆ నాటకం 46వ వీధిలోని రిచర్డ్ రోజర్స్ నాటకశాలకు వచ్చింది. నిర్మాత మళ్లీ జెఫ్రీ సెల్లరే. ముందు వరుసలో 21 సీట్లను ఒక్కొక్కటి 10 డాలర్లకు లాటరీలో పెట్టారు. ఆ ధర వెనక ఒక చమత్కారం ఉంది: అమెరికా 10 డాలర్ల నోటు మీది బొమ్మ కథానాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్‌దే. జూలై 13న, మొదటి రోజే, 700 మందికి పైగా వచ్చారు. అంతమందిలో దాదాపు అందరూ ఉత్త చేతులతో వెళ్లిపోతారని తెలిసిన మిరాండా బయటకు వచ్చి వారికి కృతజ్ఞతలు చెప్పాడు. క్రమంగా డ్రాకు ముందు కొద్ది నిమిషాల ఉచిత ప్రదర్శన ఆనవాయితీ అయింది. హామిల్టన్ నటులే కాక ఇతర నాటకాల వారూ వచ్చి ఫుట్‌పాత్ మీద పాడారు. దాని పేరు ‘హామ్ ఫర్ హామ్’. ఆ వీడియోలను ఊరూరా చూశారు, జనం మరింత పెరిగారు, 46వ వీధిలో బండ్లు కదలడం కష్టమైంది.

చలికాలం రాగానే, 2016 జనవరి మొదటి వారంలో, లాటరీని ఆన్‌లైన్‌కు మార్చారు. మొదటి రోజే 50,000 మందికి పైగా పేర్లు ఇచ్చేసరికి వెబ్‌సైట్ కుప్పకూలింది. కొద్ది రోజులు మళ్లీ వీధిలోనే తీసి, సర్వర్లు బలపరిచాక ఆన్‌లైన్‌లో స్థిరపరిచారు. ఆ ఏడాది జూన్‌లో మంచి సీట్ల ధరను 849 డాలర్లకు పెంచినప్పుడు లాటరీ సీట్లను 21 నుంచి 46కు పెంచారు. వీధి డ్రా కొన్నాళ్లు బుధవారాలకు పరిమితమై, వేసవి చివరికి ఆగిపోయింది.

ఆన్‌లైన్ లాటరీలో పేరు, ఈమెయిల్, పుట్టిన తేదీ వంటి వివరాలు ఇచ్చి ఒక మీట నొక్కితే చాలు. నాటకాన్ని బట్టి ముందు రోజో, కొన్ని రోజుల ముందో గడువు ముగుస్తుంది. తగిలితే ఈమెయిల్ వస్తుంది, సాధారణంగా గంటలోపు కార్డుతో డబ్బు కట్టాలి. కట్టకపోతే ఆ అవకాశం మరొకరికి పోతుంది. 2013లో మొదలైన ‘టుడే టిక్స్’ వంటి యాప్‌లు లాటరీలతో పాటు, పొద్దున్నే మొదట నొక్కినవారికి ఇచ్చే ‘రష్’ టికెట్లను కూడా ఫోనులోకి తెచ్చాయి.

రెండు పద్ధతుల తేడా తేలేది లెక్కలో. హామిల్టన్‌లో మొదట పెట్టిన 21 సీట్లను, తగిలినవారంతా రెండేసి తీసుకుంటే, పది పదకొండు మందికే తగులుతుంది. వీధిలో 700 మంది ఉన్నప్పుడు అది 67 మందిలో ఒకరికి. ఆన్‌లైన్‌లో 50,000 మంది ఉంటే దాదాపు 4,760 మందిలో ఒకరికి. బ్రాడ్‌వేలో వారానికి 8 ఆటలు, ఏడాదికి నాలుగు వందల పైచిలుకు. ఒక్క ఆట కూడా వదలకుండా పేరిచ్చినా ఒకసారి తగలడానికి సగటున పదకొండేళ్లు పడుతుంది. ఆ మొదటి రోజు రద్దీ రోజూ ఉండదు, సీట్లూ పెరిగాయి. అయినా దారి ఎంత సులువైతే పోటీ అంత పెరుగుతుంది. వీధిలో పోటీని తగ్గించినది అక్కడికి రావడంలోని శ్రమే.

ఆ శ్రమ అందరికీ సమానం కాదన్నది ఆన్‌లైన్ పద్ధతిని సమర్థించేవారి వాదన. అందులో నిజముంది. సాయంత్రం ఐదింటికి 46వ వీధిలో నిలబడగలిగేది విద్యార్థులు, పర్యాటకులు, పనివేళలు తమ చేతిలో ఉన్నవారు. నగరంలోనే క్వీన్స్ ప్రాంతంలో షిఫ్టు చేసే ఆసుపత్రి ఉద్యోగికి, చంటిబిడ్డ తల్లికి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి అది కుదరదు. న్యూజెర్సీలో చదువుకునే తెలుగు విద్యార్థి రానుపోను రైలు ఛార్జీ పెట్టుకుని వచ్చి తగలక వెనక్కి వెళితే, ఆ ఛార్జీ లాటరీ టికెట్ ధరను మించవచ్చు. ఫోనులో ఆ ఖర్చు లేదు. కానీ ఫోనులో పేరిచ్చే వేలమందిలో, పూర్తి ధర పెట్టగలిగీ ఊరికే ఒక మీట నొక్కినవారు ఎందరో ఉంటారు. వాకిట్లో చలిలో నిలబడినవారికి ఆ నాటకం మీద ఎంత ఆశ ఉందో వేరే చెప్పనక్కర్లేదు. ఆన్‌లైన్ డ్రాలో ఆ ఆశకు విలువ లేదు.

నిర్మాతలకు మాత్రం ఆన్‌లైన్ పద్ధతితో లాభమే ఎక్కువ. వీధిలో జనాన్ని అదుపు చేసే పని తప్పుతుంది. వేలాది నాటకాభిమానుల ఈమెయిల్ చిరునామాలు చేతికి వస్తాయి. తగలనివారికి రాయితీ టికెట్ల కబురు పంపవచ్చు. పెద్దగా పేరు రాని నాటకాలకు లాటరీ ఖాళీ సీట్లు నింపే సాధనం కూడా.

మోసం క్యూలోనూ ఉంది, ఆన్‌లైన్‌లోనూ ఉంది. మైకేల్ శాండెల్ అనే తత్వవేత్త తన పుస్తకంలో క్యూ గురించి ఒక ఉదాహరణ చెప్పాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పబ్లిక్ థియేటర్ సంస్థ వేసవిలో షేక్‌స్పియర్ నాటకాలు ఉచితంగా ఆడుతుంది. ఆ ఉచిత టికెట్ కోసం డబ్బు తీసుకుని క్యూలో నిలబడేవారు తయారై, 125 డాలర్ల దాకా వసూలు చేశారు. ఎంత కూలి ఇచ్చినా పేరు తగులుతుందన్న హామీ లేదు గనుక డ్రా ఈ వ్యాపారాన్ని కొంత అరికడుతుంది. ఆన్‌లైన్‌లో ఒకరే పలు ఈమెయిళ్లతో పేర్లు ఇవ్వవచ్చు. అందుకే టికెట్ తీసుకునేటప్పుడు గుర్తింపు కార్డు అడుగుతారు, మరొకరికి బదిలీ చేయనివ్వరు.

2020 మార్చి 12న కొవిడ్ వల్ల బ్రాడ్‌వే మూతపడింది. 2021 సెప్టెంబర్‌లో పెద్ద సంగీత నాటకాలు మళ్లీ తెర ఎత్తినప్పుడు వాకిట్లో జనం గుమికూడడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. దాంతో ఆన్‌లైన్ లాటరీ మామూలు పద్ధతి అయిపోయింది.

ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలన్న నియమమేమీ లేదు. షేక్‌స్పియర్ ఉచిత నాటకాలకు పబ్లిక్ థియేటర్ ఈ సమస్యను మెరుగ్గా పరిష్కరించింది. పార్కులో తెల్లవారుజామున మొదలయ్యే క్యూకు కొన్ని టికెట్లు, యాప్‌లో డ్రాకు కొన్ని, నగరంలోని వేర్వేరు ప్రాంతాల్లో పంపిణీకి కొన్ని కేటాయించింది. సమయం ఉన్నవారు, లేనివారు, దూరాన ఉన్నవారు, ముగ్గురికీ తలా ఒక దారి దొరికింది. వేల సీట్లు అమ్ముకునే బ్రాడ్‌వే నాటకశాలలు వారానికి ఒక్క ఆటకైనా, ఇరవై సీట్లకైనా వాకిట్లో పెట్టె తిప్పితే వాటికి పోయేదేమీ లేదు. మానేసినవి ఆ పని మళ్లీ మొదలుపెట్టాలి.