దిబ్బలు చెప్పే డెల్టా కథ

కృష్ణా డెల్టా అనగానే వరిచేలు, కాలువలు, రొయ్యల చెరువులు గుర్తొస్తాయి. అదే నేలలో రోమ్ దాకా పేరు పాకిన రేవులున్నాయి, బుద్ధుడి ధాతువులు, అంటే శరీర అవశేషాలు దాచిన స్తూపాలున్నాయి, దక్షిణాదిలోనే పాతవనదగ్గ రాతలున్నాయి. నూట యాభై ఏళ్లుగా పండితులు వాటిని వెతికి చదువుతున్నారు. అంతకాలంగానూ మనం వాటిని తవ్వి మోసుకుపోతూనే ఉన్నాం.

1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. వాన కోసం మొగులు చూసే నేలకు నీళ్లొచ్చాయి. నీళ్లు పారాలంటే కాలువలు కావాలి. కాలువలకు లాకులూ తూములూ కావాలి. పండిన ధాన్యం బజారుకు చేరాలంటే రోడ్లు కావాలి. రాయన్నది దొరకని ఒండ్రు నేలలో వీటన్నిటికీ సరుకెక్కడిది? ఊళ్ల పక్కన ఎత్తుగా నిలిచిన పాతదిబ్బల్లో కావలసినంత ఉంది. రెండు జానల పొడవున్న ఇటుకలు, నున్నగా చెక్కిన తెల్లరాతి పలకలు! ఇంకేం, గునపాలు లేచాయి.

అలా డెల్టాకు సిరి వచ్చిన రోజుల్లోనే డెల్టా చరిత్ర కరగడం మొదలైంది.

భట్టిప్రోలు: రోడ్డు కింద పోయిన స్తూపం

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలుదారిలో వస్తుంది భట్టిప్రోలు. అక్కడి పెద్దదిబ్బను జనం లంజదిబ్బ అనేవారు. ఘంటసాల, గుడివాడ దిబ్బలకూ ఇదే పేరు. ఎవరో వేశ్య కట్టించిందని కథ చెప్పుకునేవారు. అది స్తూపమన్న సంగతి ఊరు మరిచిపోయి వందల ఏళ్లయింది.

1870లో కృష్ణా జిల్లా అధికారి జె.ఎ.సి. బాస్వెల్ జిల్లాలోని పురాతన అవశేషాల మీద నివేదిక రాసి ఈ దిబ్బల సంగతి ప్రభుత్వం చెవిన వేశారు. కానీ పైవాళ్లు మేలుకునేసరికే కాలువ పనులవాళ్లు స్తూపం పైభాగాన్ని చాలావరకు కూల్చేశారు. ఇటుక రోడ్లలోకి పోయింది. చెక్కిన పలకలు వెల్లటూరు దగ్గర కాలువ తూము కట్టడంలోకి పోయాయి.

మిగిలినదాన్ని 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే శాస్త్రీయంగా తవ్వించారు. స్తూపం పీఠం అడ్డుకొలత 148 అడుగులు. లోపలంతా గుల్ల లేకుండా పేర్చిన ఇటుక. నట్టనడుమ నిలువునా దిగిన సన్నటి గొట్టంలాంటి దారి. దాని వెంబడే తవ్వుకుంటూ పోతే ఒకదాని తర్వాత ఒకటిగా మూడు రాతి భరిణెలు దొరికాయి. రాతిపెట్టె లోపల మరో భరిణె, దాని లోపల స్ఫటికపు భరిణె, అందులో ధాతువు. చుట్టూ బంగారు పువ్వులు, పూసలు, ముత్యాలు. ఆ ధాతువుల్లో ఒకదాన్ని తర్వాత ప్రభుత్వం మహాబోధి సొసైటీకి ఇచ్చింది. 1920లో కలకత్తాలోని ధర్మరాజిక విహారంలో దాన్ని ప్రతిష్ఠించారు.

బంగారాన్ని మించిన నిధి ఆ పెట్టెల అంచుల మీద ఉంది. అక్షరాలు! జర్మన్ పండితుడు జార్జ్ బ్యూలర్ వాటిని చదివి 1894లో ప్రచురించారు. కుర అనే అతను, అతని తల్లి, తండ్రి కలిసి బుద్ధుడి ధాతువుల కోసం ఈ పెట్టె చేయించారని ఒకచోట ఉంది. ఇంకోచోట ఒక గోష్ఠి, అంటే సంఘం సభ్యుల పేర్లు, మరోచోట నిగమం, అంటే పట్టణ వర్తక సమాజం సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. కుబిరకుడనే రాజు పేరు కూడా ఉంది. అయితే సింహగోష్ఠికి పెద్దగా ఆయన పేరు చేరింది. స్ఫటికపు ముక్క మీద నందపురం స్త్రీలు ఇచ్చిన దానం రాసి ఉంది. రాజు ఒక్కడే కట్టించి తన బిరుదులు చెక్కించుకున్న కట్టడం కాదిది. ఊరంతా తలా ఇంత వేసుకుని కట్టుకున్నది.

ఆ లిపి మరీ ఆసక్తికరం. అశోకుడి బ్రాహ్మిలో హల్లు రాస్తే చాలు, అందులో అకారం ఉన్నట్టే లెక్క. భట్టిప్రోలు పెట్టెల మీద అలా కాదు. అకారం పలకాలంటే దానికీ ఓ గీత గీయాలి. ‘ళ’ ధ్వనికి విడిగా ఒక గుర్తుంది. ఉత్తరాది నుంచి వచ్చిన లిపిని ఇక్కడివాళ్లు తమ నోటికి తగ్గట్టు సవరించుకునే ప్రయత్నమని పండితుల ఊహ. దీన్ని పట్టుకుని తెలుగు లిపికి తల్లి భట్టిప్రోలేనని సభల్లో చెప్పడం మనకు అలవాటైంది. అంత తొందర అక్కర్లేదు. ఆ రాతల్లో ఉన్నది ప్రాకృతం, తెలుగు కాదు. ఆ ప్రత్యేకమైన లేఖన పద్ధతి తర్వాతి శాసనాల్లో కొనసాగనూ లేదు. మన అక్షరాలు దక్షిణాది బ్రాహ్మి నుంచి శాలంకాయనులు, చాళుక్యుల కాలాల మీదుగా మెల్లగా గుండ్రబడుతూ వచ్చాయి. భట్టిప్రోలు గొప్పదనం అతిశయోక్తి మీద నిలబడలేదు. క్రీస్తుకు రెండు శతాబ్దాల ముందు ఈ తీరాన రాయడం, చదవడం వచ్చిన వర్తకులున్నారనడానికి అది రుజువు. ఆ ఒక్కటి చాలదా?

ఘంటసాల: సముద్రం వదిలి వెళ్లిన రేవు

ఘంటసాల అనగానే మనకు పాట గుర్తొస్తుంది. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీకి మాత్రం రేవు గుర్తొచ్చింది. మైసోలియా తీరంలో కొంటకోసిలా అనే వర్తక కేంద్రం ఉందని రాశాడు. అది ఘంటసాలేనని పండితులు గుర్తించారు. ఇక్కడ దొరికిన శాసనాల్లో ఆ ఊరి పేరు కంటకసోల. వాటిలోనే ఒక మహానావికుడి ప్రస్తావన ఉంది. నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనం ఒకటుంది. బోధిసిరి అనే ఉపాసిక కంటకసేలలోని మహాచైత్యం తూర్పు వాకిట రాతిమండపం కట్టించిందని అది చెబుతోంది. అదే శాసనం కాశ్మీరం, గాంధారం, చీనా, సింహళం వంటి దేశాలను పేరుపేరునా తలచుకుంది. కృష్ణ ఒడ్డున కూర్చున్నవాళ్లకు ప్రపంచం ఎంత దగ్గరో చూడండి.

ఇక్కడి స్తూపాన్నీ రే తవ్వించారు. భట్టిప్రోలులో లాగా మొత్తం ఇటుకతో నింపకుండా నడుమ చతురస్రపు దిమ్మె, చుట్టూ వలయాలుగా గోడలు, వాటిని కలుపుతూ అడ్డగోడలు కట్టారు. పైనుంచి చూస్తే అచ్చం బండిచక్రం. గోడల మధ్య ఖాళీలను మట్టితో పూడ్చారు. ఇటుక ఆదా అయింది, బరువు అన్ని వైపులా సమంగా పడింది. మెత్తటి ఒండ్రు నేల మీద ఎత్తయిన కట్టడం నిలబెట్టడానికి పని తెలిసినవాళ్లు వేసిన లెక్క అది.

అంత రేవు ఏమైంది? సముద్రమే దూరం జరిగింది. కృష్ణమ్మ ఏటేటా తెచ్చిపోసిన ఒండ్రుతో తీరం ముందుకు పెరిగింది. డెల్టాలో వరసలుగా కనిపించే పాత ఇసుక మేటలు ఒకప్పటి తీరరేఖల ఆనవాళ్లేనని భూవిజ్ఞానులు చెబుతారు. అప్పట్లో సముద్రానికి చేరువలో ఉన్న ఘంటసాల నుంచి నేడు కెరటం చూడాలంటే ఇరవై కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. చుట్టూ ఉన్నది వరి, మినుము. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యలతో ఓడబొమ్మ ఎందుకుందో అర్థం కావాలంటే ఈ చేలల్లో ఒకప్పటి ఆటుపోట్లను ఊహించుకోవాలి.

ఘంటసాల శిల్పాల్లో కొన్ని సముద్రం దాటి పారిస్‌లోని గిమే మ్యూజియం చేరాయి. కొన్ని ఊళ్లోని పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నాయి. తీరిక చేసుకుని చూడదగ్గవి.

మోటుపల్లి: రాజు ఇచ్చిన అభయం

డెల్టా దక్షిణపు కొసన, చినగంజాం దగ్గర మోటుపల్లి ఇప్పుడు చిన్న ఊరు. అక్కడి వీరభద్రాలయ మండపంలో ఒక స్తంభం ఉంది. 1244-45 నాటి కాకతి గణపతిదేవుడి అభయ శాసనం దాని మీదే ఉంది. తుపానులో ఓడ దెబ్బతిని తన తీరానికి కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజులు లాక్కోవడం అప్పటిదాకా ఆనవాయితీ. గణపతిదేవుడు దాన్ని మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని సముద్ర వర్తకులకు మాటిచ్చాడు. ఎగుమతి, దిగుమతి సరుకుల మీద ముప్పయ్యో వంతు పన్నుగా ఖాయం చేశాడు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, తగరం, పట్టు, మిరియాలు, వక్కలు వంటివాటికి ఏ సరుకుకెంతో రాయించాడు.

చట్టం రాతిలో చెక్కి రేవులో పెట్టడమంటే వ్యాపారికి భరోసా. ఆ భరోసా ఎంత దూరం వినిపించిందో తర్వాత యాభై ఏళ్లలో తెలిసింది. మార్కోపోలో తన యాత్రాకథనంలో మోటుపల్లిని ముట్‌ఫిలి అని పిలిచి దాని గురించి రాశాడు. న్యాయంగా ఏలే రాణిని, వజ్రాలను, సాలెగూడంత సన్నటి వస్త్రాలను పొగిడాడు. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారుల నిర్ణయం. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు హామీలిస్తూ శాసనం వేయించాడు. ఇంకా దక్షిణాన నెల్లూరు ప్రాంతపు కొత్తపట్నం తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. జపాన్ చరిత్రకారుడు నొబోరు కరషిమా బృందం వాటిని పరిశీలించింది. అంటే ఓడలు శాసనాల్లోనే కాదు, మట్టిలోనూ గుర్తులు వదిలాయి.

పెంకు చదివే విద్య

శాసనం దొరికితే అదృష్టమే. అన్నిచోట్లా దొరకదు. పురావస్తు పరిశోధకుడి రోజువారీ కూడు కుండపెంకులు. దుక్కి దున్నిన చేలో నడుస్తూ ఏరుతారు. ఒక పెంకు లోపల నలుపు, బయట ఎరుపు ఉంటే ఆవంలో కుండను బోర్లించి కాల్చారని అర్థం. ఇనుపయుగం నుంచి శాతవాహనుల దాకా వాడిన రకం అది. బూడిదరంగులో పల్చగా, గోటితో మీటితే ఖంగుమంటూ, లోపలి అడుగున చుక్కల వలయాలు నొక్కిన పళ్లెం ముక్క దొరికిందా, పరిశోధకుడి మొహం వెలుగుతుంది. తీరం వెంబడి పాత వర్తక స్థలాలను పట్టించే పెంకు అదే. ఒకప్పుడు దాన్ని రోమ్ నుంచి వచ్చిన సరుకనుకున్నారు. మట్టిని పరీక్షించాక మన దేశపు తయారీయేనని తేలింది.

ఆ తర్వాత తవ్వకం. చతురస్రపు గుంత తీసి, గోడలు నిట్టనిలువుగా చెక్కి, పొర పొరకూ మట్టిరంగు రాసుకుంటారు. బూడిద పొర కనిపిస్తే పొయ్యి. ఇసుక పొర అయితే వరద. బొగ్గు దొరికితే కాలనిర్ణయం. మట్టిని జల్లెడ పట్టి పూసలు, గింజలు, చేపముళ్లు వేరు చేస్తారు. ఏ వస్తువు ఏ పొరలో ఉందన్నదే అసలు సాక్ష్యం. ఆ చోటు నుంచి ఊడబెరికితే బంగారు నాణెమైనా సరే, మూగదైపోతుంది.

రెండో దోపిడీ

ఆనకట్ట కాలంలో గునపాలు చేసిన పని ఇప్పుడు పొక్లెయిన్లు చేస్తున్నాయి. చేలు చెరువులవుతున్నాయి. చేపల చెరువుకి గట్టు వేయాలన్నా, ఇంటి స్థలం మెరక చేయాలన్నా పక్కనున్న దిబ్బే కనిపిస్తుంది. పాత ఊళ్ల మట్టి చేనుకి బలమని పాటిమన్ను తోలుకోవడం రైతులకు తరాల అలవాటు. ఆ అలవాటుతో ఎడ్లబండ్లు ఏళ్ల తరబడి గోకినదాన్ని టిప్పర్లు రెండు రాత్రుల్లో ఊడ్చేస్తాయి.

రైతునొక్కణ్నే తప్పుపట్టి లాభం లేదు. చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత రెండు వందల మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. కానీ ఆ రక్షణ జాబితాకెక్కిన స్థలాలకే. జాబితాకెక్కని పాటిదిబ్బలు ఊరూరా ఉన్నాయి. రెవెన్యూ రికార్డుల్లో వాటిలో చాలావరకు ఉత్త పోరంబోకు. ముందు వాటిని గ్రామాలవారీగా లెక్కించి, సర్వే నంబర్లతో పటాల్లోకి ఎక్కించాలి. పల్లెలు తిరిగే ఓపికున్న విద్యార్థులు ఒక్కో మండలం పంచుకుంటే అది అయ్యే పనే.

ఊరివాళ్లకు ఉండే భయం కూడా తీర్చాలి. ఏదైనా దొరికిందని చెబితే పొలం పోతుందన్న మాట పల్లెల్లో గట్టిగా ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెప్పేది వేరు. పది రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే కనుగొన్నవారికి ముప్పావు వంతు, స్థలం యజమానికి పావు వంతు వాటా. ప్రభుత్వం తీసుకోదలిస్తే వస్తువులోని పదార్థం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. చెప్పకుండా దాచేస్తే వాటా పోవడమే కాక శిక్ష కూడా ఉంది. ఈ సంగతి ప్రతి గ్రామ సచివాలయం గోడ మీదా రాసిపెట్టాలి.

మీ పొలంలో పెద్ద ఇటుక, చెక్కిన రాయి, కుప్పగా పెంకులు బయటపడితే యంత్రం ఆపించండి. ఉన్నది ఉన్నచోటే ఉంచి ఫొటో తీయండి. తహసీల్దారుకో, పురావస్తు శాఖకో కబురు చేయండి. కడిగి శుభ్రం చేయొద్దు, గుళ్లో పెట్టి పసుపు పూయొద్దు, సంతలో బేరం పెట్టొద్దు. భట్టిప్రోలు స్తూపం మీది ఇటుకను ఇక ఎవరూ తిరిగి తేలేరు. మీ ఊరి దిబ్బ ఇంకా మీ చేతుల్లోనే ఉంది.