మీకు తెలుసా? నూజివీడు కాయ దిగేలోపే దుబాయ్ వదిలే ఓడలు

దుబాయ్‌కి క్రూజ్ ఓడలు వచ్చే సీజను అక్టోబరు, నవంబరుల్లో మొదలై ఏప్రిల్‌తో ముగుస్తుంది. నూజివీడు, ఆగిరిపల్లి మామిడి తోటల్లో కోతలు జోరందుకునేది సరిగ్గా అప్పుడే. గల్ఫ్‌లో ఎండ 40 డిగ్రీలు దాటేసరికి ఆ ఓడల్లో చాలావరకు మధ్యధరా సముద్రం దారి పడతాయి. అవి వెళ్లిన తర్వాత విమానాల్లోనూ, శీతల కంటైనర్లలోనూ మన మామిడి అక్కడ దిగుతుంది. కాబట్టి ఓడ దిగి దుబాయ్ బజారులో నూజివీడు బంగినపల్లిని పలకరిద్దామనుకునేవారికి నిరాశే. మామిడి పండు కావాలంటే మే నెలలో విమానంలో వెళ్లాలి. ఓడ షికారు కావాలంటే జనవరిలో వెళ్లి, మామిడిపండు మాట మరిచిపోవాలి.

అన్ని రకాలూ గల్ఫ్ దాకా వెళ్లవు. నూజివీడు పేరు చెప్పగానే నోరూరేది చిన్నరసాలకు. కానీ ఆ పండు ప్రయాణానికి పనికిరాదు. రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, మొదటి చుక్క సొన పిండేసి జుర్రుకోవాల్సిన పండు అది. మగ్గాక రెండు రోజులు ఆగడమే కష్టం. సముద్రం దాటేది కండ గట్టిగా ఉండే బంగినపల్లి. అదైనా ఎలా కోస్తే అలా వెళ్లదు. తొడిమ మొదలంటా విరిగితే సొన చిమ్ముతుంది, అది పడ్డచోట తొక్క నల్లబడుతుంది. నల్ల చారలున్న కాయను విదేశీ కొనుగోలుదారు పక్కన పడేస్తాడు. అందుకే ఎగుమతి కాయను చిక్కంతో దించి, కాస్త తొడిమ ఉంచి కత్తెరతో కోసి, నీడన బోర్లించి సొన కారనిస్తారు. ఆ తర్వాతే కడిగి అట్టపెట్టెలో పెడతారు. బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చింది 2017లో.

ఇంకో సంగతి. అమెరికా వెళ్లే మన మామిడిని రేడియేషన్‌తో శుద్ధి చేయాలి. జపాన్ వెళ్లేదాన్ని వేడి ఆవిరిలో ఉంచాలి. పండు ఈగ భయం వాళ్లది. గల్ఫ్‌కి ఈ తంటాలేవీ లేవు. దగ్గర దారి, తేలిక నిబంధనలు, పైగా మన రుచి తెలిసిన లక్షలాది మంది మనవాళ్లు! ఎగుమతిదారుకు ఇంతకన్నా ఏం కావాలి?

ఎడారి దేశంలో మామిడి చెట్లుంటాయా? ఉంటాయి. యూఏఈ తూర్పు తీరంలో ఖోర్ ఫక్కాన్, ఫుజైరా వైపు కొండల నడుమ మామిడి కాస్తుంది. కొన్ని క్రూజ్ ఓడలు ఖోర్ ఫక్కాన్ రేవులోనూ ఆగుతాయి. ఓడలు వచ్చే చలికాలంలో చెట్టుకు కాయ ఉండదన్నది వేరే విషయం.

ఇప్పుడు క్రూజ్ అంటే స్విమ్మింగ్ పూలు, బఫే భోజనాలు గుర్తొస్తాయి. ఒకప్పుడు బొంబాయి నుంచి గల్ఫ్‌కి ఓడ అంటే డెక్కు మీద చాప పరుచుకుని పడుకునే ప్రయాణం. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు బొంబాయి నుంచి కరాచీ, మస్కట్, దుబాయ్, బహ్రెయిన్, కువైట్ మీదుగా బస్రా దాకా తిరిగేవి. పైన కేబిన్లలో కొద్దిమంది దొరలు, కింద డెక్కు మీద ట్రంకుపెట్టెలతో వందలాది కూలీలు, చిరువ్యాపారులు. ఆ వరుసలో చివరిదాకా మిగిలింది 1947లో కట్టిన ‘ద్వారక’. అది 1982 దాకా తిరిగింది. అటెన్‌బరో ‘గాంధీ’ సినిమాలో కొన్ని సన్నివేశాలు తీసింది ఈ ఓడ మీదే. ఇదే కంపెనీకి చెందిన ‘దారా’ అనే ఓడలో 1961 ఏప్రిల్ 8న దుబాయ్ దగ్గర పేలుడు జరిగి 238 మంది చనిపోయారు. ఈనాటి విహార ఓడలు తిరిగేదీ ఆ నీళ్లలోనే. ఆ ఊసు మాత్రం ఏ టూరు గైడూ ఎత్తడు.

‘దారా’ కాలానికి మూడు వందల ఏళ్ల ముందే మన ఓడలు గల్ఫ్ చూశాయి. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుంచి పర్షియా రేవు బందర్ అబ్బాస్‌కు అద్దకం బట్టలతో ఓడలు వెళ్లేవి. పర్షియా వాళ్ల అభిరుచికి తగ్గట్టు వేసిన పూలతీగల నమూనాలే ఈనాటికీ పెడన కలంకారీలో కనిపిస్తాయి.

దుబాయ్‌లో ఒకప్పుడు చెల్లింది మన రూపాయే! దాని ఆసరాతో బంగారం దొంగరవాణా పెరిగి విదేశీ మారక నిల్వలు కరిగిపోతుంటే, 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగుల్లో నోట్లు అచ్చువేసింది. వాటి వరుస సంఖ్యలు ఇంగ్లిషు ‘జెడ్’ అక్షరంతో మొదలయ్యేవి. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించడంతో గల్ఫ్ పాలకులు దాన్ని వదిలేసుకున్నారు. దిర్హం పుట్టింది 1973లో. ఇక దుబాయ్‌లో మొదటి తపాలా కార్యాలయం 1909లో తెరిచింది మన తపాలా శాఖే. అక్కడి ఉత్తరాలకు భారతీయ స్టాంపులే అంటించేవారు.

ఓడ ఆగే రేవుల్లో ఒకటైన మీనా రషీద్ 1972లో మొదలైంది. సరకు కంటైనర్లన్నీ జెబెల్ అలీ రేవుకు తరలిపోయాక ఇక్కడ మిగిలింది విహార ఓడలే. ఒకనాటి మహారాణి ఓడ క్వీన్ ఎలిజబెత్-2 ఇక్కడే శాశ్వతంగా లంగరు వేసుకుని, 2018 నుంచి హోటలుగా బతుకుతోంది. 2021లో తెరిచిన దుబాయ్ హార్బర్ టెర్మినల్ ఊరికి ఇంకో కొసన, పామ్ జుమేరా పక్కన ఉంది. మీ ఓడ ఏ రేవుకు వెళ్తుందో టికెట్టు కొనేముందే కనుక్కోవడం మంచిది. పాత బజారు చూడాలనుకునేవారికి మీనా రషీదే దగ్గర.

ఆ పామ్ జుమేరా దీవిని ఎడారి ఇసుకతో కట్టలేదంటే నమ్ముతారా? గాలికి దొర్లి దొర్లి నున్నబడిన ఎడారి ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. అందుకే సముద్రం అడుగునుంచి ఇసుక తోడి పోశారు. చుట్టూ ఇసుకే, వాడుకోవడానికి మాత్రం లేదు!

828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో రంజాన్ ఉపవాసం విడిచే సమయం అంతస్తును బట్టి మారుతుంది. పైనున్నవారికి సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు కనుక 80వ అంతస్తు దాటినవారు రెండు నిమిషాలు, 150 దాటినవారు మూడు నిమిషాలు ఎక్కువ ఆగాలని 2011లో అక్కడి మత పెద్దలు చెప్పారు. ఆ భవనం ఏసీల నుంచి కారే నీటిని పట్టి చెట్లకు పోస్తారు. ఏడాదికి అది ఐదు కోట్ల లీటర్ల పైమాటే. బోరు మీద ఆధారపడ్డ తోట రైతుకు ఈ లెక్క వింటే కడుపు మండుతుంది మరి.

ఓడ ప్రయాణికుడి కంటపడని దుబాయ్ ఒకటుంది. సోనాపూర్, అల్ ఖూజ్ లేబర్ క్యాంపుల్లో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మనవాళ్లుంటారు. ఏ క్రూజ్ కంపెనీ టూరు బస్సూ అటు తిరగదు.

సామాను సర్దుకునేటప్పుడు ఒక్క మాట: యూఏఈలో గసగసాలు నిషేధం. కోడికూర మసాలా పొడిలో కలిపినవైనా సరే. నల్లమందు మొక్క గింజలు కదా, అక్కడి చట్టం వాటిని మత్తుపదార్థాల కిందే చూస్తుంది. అమ్మమ్మ కట్టిచ్చిన పొట్లమని చెప్తే కస్టమ్స్ వాళ్లు వినరు. ఇక ఆవకాయ సీసా అంటారా, ఇంట్లో చేసినవి చాలా ఓడల్లో ఎక్కనివ్వరు.

వీసాలోనూ ఓ మెలిక ఉంది. దుబాయ్‌లో ఓడ ఎక్కి, మస్కట్ చూసుకుని తిరిగి దుబాయ్‌లోనే దిగితే యూఏఈలోకి రెండోసారి ప్రవేశించినట్టు లెక్క. ఒక్కసారికే చెల్లే వీసా సరిపోదు, మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి.

విశాఖలో 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. అయినా గల్ఫ్ క్రూజ్‌కి వెళ్లే మనవాళ్లు దుబాయ్ దాకా విమానంలో వెళ్లి అక్కడ ఓడ ఎక్కడమే మామూలు. నూజివీడుకు దగ్గరలోని గన్నవరం నుంచి 2022 అక్టోబరు 31న దుబాయ్ పక్కనున్న షార్జాకి నేరుగా విమానం మొదలైంది.

ఊరు చూడటానికి ఎనిమిది గంటలే ఉంటే? బుర్జ్ పైకెక్కే టికెట్టు డబ్బులు మిగుల్చుకోండి. దాన్ని కింద నుంచి చూసినా సరిపోతుంది. నేరుగా బర్ దుబాయ్‌కి వెళ్లి, ఒక్క దిర్హంకి అబ్రా పడవ ఎక్కి క్రీక్ అనే సముద్రపు పాయ దాటి, దేరా మసాలా బజారులో తిరగండి. సరకు దింపుకునే చెక్క ఓడలు ఆ ఒడ్డునే కనిపిస్తాయి. పక్కనే బంగారం బజారు. కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. తిరిగి రావడానికి మాత్రం టాక్సీ ముందే చూసుకోండి. ఓడ బయలుదేరడానికి కనీసం అరగంట ముందే తలుపులు మూస్తారు. సొంతంగా తిరగడానికి వెళ్లినవారి కోసం ఓడ ఆగదు. తర్వాతి రేవుకు మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి.