ఫోన్‌కీ ‘ఛార్జే’.. కోర్టులోనూ ‘ఛార్జే’! ఒక్క ఇంగ్లీష్ మాటకు ఇన్ని అర్థాలా?

ఫోన్ ఛార్జింగ్ పెట్టాలి.. బస్సు ఛార్జీలు పెరిగాయి.. నిందితుడిపై ఛార్జ్‌షీట్ దాఖలైంది.. కొత్త కలెక్టర్ ఛార్జ్ తీసుకున్నారు.. ఆందోళనకారులపై లాఠీఛార్జ్! ఏ రోజు బులెటిన్ చూసినా వీటిలో రెండు మూడైనా వినిపిస్తాయి. అన్నింటిలోనూ ఉన్నది ఒకటే ఇంగ్లీష్ మాట. కానీ ఒక చోట కరెంటు, ఒక చోట డబ్బు, ఇంకో చోట నేరం, మరో చోట అధికారం. వీటికి ఒకదానితో ఒకటి ఏంటి సంబంధం?

సంబంధం ఉంది. అది బండి దగ్గర మొదలవుతుంది. లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే బండి. దాని మీద సరుకు ఎత్తడాన్ని ‘కర్రికారే’ అన్నారు. అదే ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీష్‌లోకి వచ్చి ‘ఛార్జ్’ అయింది. కారు, కార్గో కూడా ఈ బండి చుట్టాలే. అంటే ఛార్జ్ అసలు అర్థం బరువు ఎత్తడం. జేబు మీద పడే బరువు ఛార్జీ, నెత్తిన పడే బాధ్యత ఇన్‌ఛార్జి పదవి, మనిషి మీద మోపే నింద కోర్టు ఛార్జ్. తుపాకీలో మందు కూరడాన్ని కూడా ఛార్జ్ చేయడమే అనేవారు. 18వ శతాబ్దంలో విద్యుత్ ప్రయోగాలు చేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ లాంటివాళ్లు ఈ మాటను కరెంటుకు వాడారు. ‘బ్యాటరీ’ అన్నది కూడా ఫిరంగుల వరుసకు ఉన్న పేరే.

మనవాళ్లు దీనికి ఇంకో మెలిక పెట్టారు. ‘ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది’ అంటే బ్యాటరీ ఖాళీ అయిందనా, ఫుల్ అయిందనా? తెలుగులో రెండూ అవుతాయి! చెప్పేవాళ్ల ముఖం చూసి అర్థం చేసుకోవాల్సిందే. అలాగే బస్సు టికెట్ డబ్బులను ఇంగ్లీష్‌లో ‘ఫేర్’ అంటారు. మనకు మాత్రం బస్సైనా, ఆటోకైనా, కరెంటుకైనా ఛార్జీలే.

ఇక్కడిదాకా పొరపాటు పడినా నష్టం లేదు. ‘ఛార్జ్‌షీట్’ దగ్గర మాత్రం ఉంది. ‘వాడి మీద ఛార్జ్‌షీట్ పడిందట’ అనగానే ఊళ్లో సగం మంది నేరం రుజువైపోయినట్టే మాట్లాడతారు. సంబంధాలు కూడా తప్పిపోతుంటాయి. నిజానికి ఛార్జ్‌షీట్ అంటే దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదిక. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ కింద దాన్ని ఇస్తారు. చట్టంలో దాని పేరు కూడా పోలీస్ రిపోర్టే. దాన్ని చూసి, ఇరువైపులా విని, కేసు నడిపేంత ఆధారం ఉందనుకుంటే అప్పుడు కోర్టు ‘ఛార్జెస్ ఫ్రేమ్’ చేస్తుంది. మన వార్తల్లో ‘అభియోగాల నమోదు’ అంటున్నది దీన్నే. సాక్షుల విచారణ ఆ తర్వాతే. అప్పటికీ ఆయన నిందితుడే, దోషి కాదు.

ఛార్జ్‌షీట్‌కు గడువు కూడా ఉంది. నిందితుడు కస్టడీలో ఉంటే సాధారణంగా 60 రోజులు. ఉరి, యావజ్జీవం లేదా పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలకు 90 రోజులు. ఆలోగా వేయకపోతే నిందితుడు అడిగి, పూచీకత్తు ఇస్తే బెయిల్ ఇవ్వాల్సిందే. దీన్నే డిఫాల్ట్ బెయిల్ అంటారు. కేసు కొట్టేసినట్టు మాత్రం కాదు.

‘డిశ్చార్జ్’ సంగతీ అంతే. ఆస్పత్రిలో అయితే ఇంటికి పంపడం. కోర్టులో అయితే, ట్రయల్ నడిపేంత ఆధారం లేదని మొదట్లోనే నిందితుడిని వదిలేయడం. విచారణ అంతా జరిగాక నిర్దోషి అని తేల్చడం వేరు. ఇక ఉద్యోగులకు శాఖ ఇచ్చే ఛార్జ్ మెమో క్రమశిక్షణ వ్యవహారం, దానంతట అది క్రిమినల్ కేసు కాదు.

హోటల్ బిల్లులో కనిపించే ‘సర్వీస్ ఛార్జ్’ను ట్యాక్స్ అనుకుని కట్టేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ప్రభుత్వానికి వెళ్లే డబ్బు కాదు, జీఎస్టీ వేరే లైన్‌లో ఉంటుంది. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమని అడగొచ్చు, తీయకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు.

అన్నింటికంటే తక్కువ మందికి తెలిసింది భూమి మీద ఉండే ఛార్జ్. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 100వ సెక్షన్‌లో ఉంది ఇది. ఆస్తి ఓనర్ పేరునే ఉంటుంది, కానీ దాని మీద ఎవరికో రావాల్సిన బాకీ కూర్చుని ఉంటుంది. స్థలం కొనేముందు ఈసీ తీయమనేది ఇలాంటివి బయటపడతాయనే. అయితే ఈసీలో కనిపించేది రిజిస్టర్ అయినవే. అందుకే ఒరిజినల్ దస్తావేజులు చూపించమని అడగండి. ‘అవి బ్యాంకులో ఉన్నాయండీ’ అన్న జవాబు వస్తే, ఏ బ్యాంకో, ఎంత బాకీ ఉందో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.